సాళువ నరసింహుడి దారిలో

తిరుపతి దాటి చిత్తూరు రోడ్డెక్కగానే బస్తీ సందడి పలచబడుతుంది. కుడివైపు శేషాచలం ఎర్రటి రాతి అంచు మనతో పాటే నడిచివస్తున్నట్టు ఉంటుంది. కొండ పైభాగం పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఎర్రరాయి. కింద మాత్రం గుండ్రటి నల్లబండలు. కోట్ల ఏళ్ల తేడా ఉన్న రెండు శిలలు అక్కడ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. తిరుమల ఘాట్ రోడ్డులో ఆ అతుకును కళ్లతో చూడొచ్చు. చంద్రగిరి చేరేసరికి ఎర్రరాయి పక్కకు తప్పుకుని నల్లబండలదే రాజ్యమవుతుంది. ఊరి వెనక నూట ఎనభై మీటర్ల ఎత్తున ఒంటి గుట్ట, దాని నడుం చుట్టూ పాకిన గోడ, గోడ కింద కందకం ఆనవాళ్లు.

సంక్రాంతి వెళ్లిన వారం అది. ఈశాన్య రుతుపవనాల వాన ఆ ఏడు బాగా పడినట్టుంది, కుంటల్లో ఇంకా నీళ్లున్నాయి, మామిడి తోపుల్లో పూత మొదలైంది. మాది కొండవీడు కొండ కనబడే పల్లె. నల్లరేగడి నేల, పత్తి, మిరప. చూపు ఆనినంత దూరం చదునుగా ఉండే ఆ నేల నుంచి వచ్చినవాడికి చంద్రగిరి పరిసరాలు వింతగా తోస్తాయి. ఇక్కడ ప్రతి పొలానికీ ఒక బండ కాపలా. రెండు గుట్టల మధ్య ఇమిడినంత నేలలోనే కయ్యలు కట్టుకుని వరి పండిస్తారు.

నేను వెతుక్కుంటూ వచ్చింది సాళువ నరసింహుడిని. 1450ల నాటికే ఈ చంద్రగిరిని ఏలుతున్న సామంతుడు, 1485లో విజయనగర సింహాసనం ఎక్కి సంగమ వంశానికి ముగింపు పలికినవాడు. మన జనానికి ఆయన ఎక్కువగా తెలిసింది 1997 నాటి ‘అన్నమయ్య’ సినిమాలో మోహన్‌బాబు వేసిన పాత్రగా. వాగ్గేయకారుణ్ణి సంకెళ్లలో వేయించిన రాజుగా. ఆ ఒక్క దృశ్యం ఆయన జీవితాన్నంతా మింగేసిందని నాకు చాలాకాలంగా బాధ.

కోట లోపలికి వెళితే మొదట కళ్లు నిలిచేది రాజమహల్ దగ్గర. మూడంతస్తులు, పైన చిన్న చిన్న గోపురాల్లాంటి శిఖరాలు, ముందు వరుసలు తీరిన కమానులు. రాయీ ఇటుకా సున్నమే తప్ప కట్టడంలో కలప వాడలేదు. లోపల పురావస్తుశాఖ వారి మ్యూజియం. పక్కనే రాణీమహల్. చల్లటి గదుల్లో శిల్పాల మధ్య తిరుగుతూ చాలామంది ఇదే నరసింహుడి ఇల్లు అనుకుంటారు. కానీ ఈ మహళ్లు ఆయన తర్వాతి కాలానివి. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని హంపీ నుంచి పెనుగొండకూ, అక్కణ్నుంచి చంద్రగిరికీ తరలివచ్చింది. ఆరవీటి రాజుల ఆ చివరి వైభవమే ఇప్పుడు మనకు కనబడేది. నరసింహుడి నాటిదంటూ ఇక్కడ చేత్తో తాకి చెప్పదగింది గుట్ట ఒక్కటే.

గోడ నీడన ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతున్న పెద్దావిడ నన్ను చాలాసేపటి నుంచి గమనిస్తున్నట్టుంది.

“ఏ వూరు నాయనా మీది?”

చెప్పాను.

“అంత దూరం నుంచి ఈ రాళ్లు చూసేదానికి వచ్చినారా? ఎండలో తిరగబాకండి. కూసోండి ఈడ.”

కొలిచిన కాయలు పొట్లం కట్టి ఇచ్చి, పైన మరో గుప్పెడు వేసింది. ఆ గుప్పెడుకి డబ్బులిస్తానంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. మా వైపు ‘కొసరు’ అడిగి తీసుకుంటాం. ఇక్కడ అడగక ముందే పెడుతున్నారు. తర్వాతి రోజుల్లో హోటల్లో, టీ బంకులో, బస్సులో కూడా అదే చూశాను. మాట గరుకుగా ఉంటుంది. చెయ్యి మాత్రం ధారాళం.

ఆ నీడలో కూర్చుని నరసింహుడి కాలాన్ని తలచుకున్నాను. హంపీలో మల్లికార్జునుడు, ఆ తర్వాత విరూపాక్షుడు గద్దె మీద ఉన్నారు. ఉన్నారంతే. ఈశాన్యం నుంచి ఓఢ్ర రాజు కపిలేశ్వర గజపతి సేనలు దిగాయి. 1454లో మా కొండవీడు ఓఢ్రుల చేతికి వెళ్లింది. పదేళ్లు తిరిగేసరికి వాళ్లు కంచిని దాటి కావేరి దాకా పోయారు. పడమట గోవాను బహమనీ మంత్రి మహమూద్ గవాన్ తన సుల్తానుకు గెలిచిపెట్టాడు. 1481లో బహమనీ సుల్తాను గుర్రాలు కంచి దాకా వచ్చి దోచుకున్నాయి. ఆ ముప్పై ఏళ్లలో తూర్పు సీమను నిలబెట్టి పోరాడినవాడు హంపీలో లేడు. ఈ గుట్ట కింద ఉన్నాడు. ఇంటికి పెద్దకొడుకు పట్టించుకోకపోతే పాలేరు కాడి భుజాన వేసుకున్నట్టు, ఒక సామంతుడు సామ్రాజ్యాన్ని మోశాడు.

చివరికి విరూపాక్షుణ్ణి సొంత కొడుకే చంపాడు. తండ్రిని చంపిన చేతులతో కిరీటం పెట్టుకోలేక తమ్ముడికి ఇచ్చాడు. ఆ తమ్ముడు అన్నను చంపించి భోగాల్లో పడ్డాడు. నరసింహుడు ఒక్కొక్క నాయకుణ్ణీ తనవైపు తిప్పుకుని సేనానిని హంపీకి పంపితే, నగర ద్వారాల దగ్గర అడ్డుకునేవాడే లేడట. అంతఃపురం దాకా నడిచిపోయారు, రాజు పారిపోయాడు. ఇదంతా అర్ధశతాబ్దం తర్వాత హంపీలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. ఆయనే మరో మాటా రాశాడు: నరసింహుడు నలభై నాలుగేళ్లు ఏలాడని. లెక్క చూస్తే 1485 నుంచి 1491లో చనిపోయేదాకా కిరీటం ఉన్నది ఆరేళ్లే. నూనిజ్ లెక్క తప్పాడని చరిత్రకారులు దిద్దుతారు. నాకైతే ఆ తప్పులోనే నిజం ఉందనిపిస్తుంది. జనం ఆయన రాజ్యాన్ని కిరీటం పెట్టుకున్న రోజు నుంచి కాక చంద్రగిరి నుంచే లెక్కపెట్టుకున్నారన్నమాట.

గుర్రాల సంగతి కూడా నూనిజ్ చెప్పిందే. ఓర్ముజు నుంచి, ఏడెన్ నుంచి ఓడల్లో తెప్పించుకునేవాడట, మూడు గుర్రాలకు వెయ్యి పర్దావు నాణేల చొప్పున. దారిలో చచ్చిన గుర్రానికి తోక చూపిస్తే చాలు, బతికున్నదానికిచ్చినట్టే డబ్బిచ్చేవాడట. దీన్ని చదివినప్పుడల్లా ఆ మనిషి తెలివి నాకు ముచ్చటేస్తుంది. సముద్రం మీద నష్టం వర్తకుడిది కాదు, నాది అని చెప్పిన రాజు దగ్గరికే ఓడలు వస్తాయి. పడమటి రేవులు చేజారిన విజయనగరానికి అప్పుడు కావలసింది అదే.

నరసింహుణ్ణి తలచుకుంటే నాకు ఇంకో సామంతుడు గుర్తొస్తాడు. సరిగ్గా అవే రోజుల్లో జర్మనీలో వుర్టెంబెర్గ్ అనే సీమను ఎబెర్‌హార్డ్ అనే ప్రభువు ఏలుతున్నాడు. 1459లో పద్నాలుగేళ్ల వయసులో అధికారం చేపట్టాడు. 1468లో జెరూసలేం యాత్ర చేసి, ఆ మొక్కు గుర్తుగా పెంచిన గడ్డంతో ‘గడ్డపు ఎబెర్‌హార్డ్’ అనిపించుకున్నాడు. 1477లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. రెండుగా చీలిన సీమను 1482లో ఒక్కటి చేశాడు. 1495లో జర్మన్ రాజు మాక్సిమిలియన్ ఆయనకు డ్యూక్ పదవి ఇచ్చాడు. మరుసటి ఏడే చనిపోయాడు. తర్వాత వచ్చిన దాయాదిని రెండేళ్లకే గద్దె దించారు. బలహీనమైన సామ్రాజ్యంలో బలమైన సామంతుడు, తీర్థయాత్రల మీద మమకారం, వారసుల దగ్గర తెగిపోయిన కథ. పోలికలు చాలానే ఉన్నాయి. తేడా ఒక్కటే, అది పెద్దది. ఎబెర్‌హార్డ్‌కు పదవి ఇవ్వడానికి పైన ఒక రాజు ఉన్నాడు. నరసింహుడికి పైన ఉన్నవాడు ఇచ్చే స్థితిలో లేడు. అందుకే తీసుకోవలసి వచ్చింది.

తీసుకున్నాడు కాబట్టి ఆయన్ని ద్రోహి అనేవాళ్లున్నారు. నేను అనలేను. తూర్పున ఊళ్లు తగలబడుతుంటే మధుపాత్రతో కూర్చున్న రాజుకు విధేయత చూపడం ఏ ధర్మమో నాకు తెలియదు.

శ్రీనివాస మంగాపురం మీదుగా శ్రీవారి మెట్టుకు చేరాను. తిరుమలకు ఇది పాతదారి. చంద్రగిరి రాజులు ఈ దారినే కొండెక్కేవారని స్థానికులందరూ చెబుతారు. రెండు వేల మూడువందల ఎనభై ఎనిమిది మెట్లు. అలిపిరి దారికన్నా పొట్టిది, నిట్టనిలువుది. చెట్ల మధ్య చలిగా ఉంది. నా ముందు ఇద్దరు అప్పచెల్లెళ్లు వంగి మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కుతున్నారు. వెనకొచ్చే మనుషులు ఎవరూ వాళ్లను తోసుకోవడం లేదు. పక్కకు జరిగి, బొట్టు తొక్కకుండా అడుగు వేస్తున్నారు. నేను ఆగి ఊపిరి పీల్చుకుంటుంటే చెల్లెలు మంచినీళ్ల సీసా చాచింది.

“తాగండన్నా. నిదానంగా రాండి. కొండ ఏడికీ పోదులే.”

పైన నరసింహుడు కనిపిస్తాడు. స్వామి పుష్కరిణి మధ్యలో నిలబడ్డ నీరాళి మండపం ఆయన కట్టించిందే. గుడిలో సంపంగి ప్రదక్షిణం నాలుగు మూలలా నాలుగు స్తంభాల మండపాలు తన పేర, భార్య పేర, ఇద్దరు కొడుకుల పేర ఎత్తించాడు. దర్శనం వరుసలో కదిలేవాళ్లకు వాటి ముందు నిలబడే తీరిక దొరకదు. పుష్కరిణి గట్టున మాత్రం ఎంతసేపైనా కూర్చోవచ్చు. కూర్చున్నాను. మునకలు వేసి తడిబట్టలతో వణుకుతున్న పిల్లలు, గుండు మీద గంధం ఆరని ఆడవాళ్లు, తమిళం, కన్నడం, మరాఠీ. ఫాల్గుణంలో తెప్పోత్సవానికి స్వామి ఆ మండపం చుట్టూ తిరుగుతాడు.

తిరుమల, తిరుపతి గుడి గోడల మీద వెయ్యికి పైగా శాసనాలున్నాయి. ఎక్కువ భాగం తమిళంలో. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ఏళ్ల తరబడి వాటిని చదివి, అచ్చు వేయించకపోతే ఈ రాజు మనకు సగమే తెలిసేవాడు. ఆ శాసనాల్లో యుద్ధాలు తక్కువ. బియ్యం ఎంత, పెసలు ఎంత, నెయ్యి, పెరుగు, ఉప్పు, మిరియాలు, తమలపాకులు, వక్కలు, గంధం ఎంత అన్న కొలతలే ఎక్కువ. మిరియాలు అని చదవగానే గుర్తొచ్చింది, మిరపకాయ అప్పటికి మన దేశానికి రానే లేదు. మిరప పండే నేల నుంచి వచ్చినవాడికి ఆ కాలపు పులుసు ఊహకు అందదు.

ఆ కొలతల వెనక ఒక ఏర్పాటుంది. నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చింది అదే. దాత గుడి ఖజానా అయిన శ్రీభండారంలో డబ్బు కడతాడు. గుడి ఆ డబ్బును పెట్టెలో పెట్టి తాళం వేయదు. తనకున్న పల్లెల్లో చెరువు పూడిక తీయించడానికి, కాలువ తవ్వించడానికి ఖర్చు పెడుతుంది. నీళ్లు పారి పెరిగిన పంటలోంచి రోజూ స్వామికి నైవేద్యం నడుస్తుంది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు హక్కు. నరసింహుడు తన నాలుగో వంతును కోటకు తెప్పించుకోలేదు. కొండ మీదా కిందా రామానుజకూటాలు పెట్టించి, వచ్చిపోయే వైష్ణవ యాత్రికులకు పెట్టమన్నాడు. వాటిని నడపడానికి కందాడై రామానుజ అయ్యంగార్ అనే పెద్దను నియమించాడు. పొన్ భండారం, అంటే బంగారు ఖజానా, కూడా ఆయన చేతిలోనే పెట్టాడు. ఆ అయ్యంగార్ శిష్యుల్లో బ్రాహ్మణేతరులైన సాత్తాద వైష్ణవులున్నారు. వాళ్లకూ గుడి కైంకర్యాల్లో, ప్రసాదంలో చోటు దొరికింది. రాజు ఇచ్చిన డబ్బు కాలువలో నీళ్లయి, కయ్యలో వడ్లయి, గర్భగుడి దాకా వెళ్లి, ఎవరో పేరు తెలియని బాటసారి చేతిలో అన్నం ముద్దగా తేలేది. పరిపాలన అంటే ఇది అని నాకు అనిపించింది. కత్తితో రాజ్యం నిలబెట్టినవాళ్లు చాలామంది. నీళ్లనూ అన్నాన్నీ ఇలా ముడివేసినవాళ్లు కొద్దిమంది.

మధ్యాహ్నం తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం. చక్కెర పొంగలి, అన్నం, సాంబారు, మజ్జిగ. ఎడమపక్క సేలం నుంచి వచ్చిన ముసలాయన ఆకులో మెతుకు మిగలకుండా తిని, ఆకు మడిచి దానికి దండం పెట్టాడు. ఇప్పటి నిత్యాన్నదానం 1985లో మొదలైంది, దానికీ రామానుజకూటాలకూ మధ్య నేరుగా తాడు కట్టలేం. అయినా ఈ కొండ మీద బాటసారి ఆకలిని రాజు తన బాధ్యతగా రాసి ఇచ్చాడన్న సంగతి తెలిసి తింటుంటే, ఆ పంక్తి ఎంత పొడవైందో అర్థమైంది.

సంకెళ్ల కథను దాటవేయను. అన్నమయ్య మనవడు చిన తిరువేంగళనాథుడు, మనం చిన్నన్న అంటాం, ద్విపదలో రాసిన ‘అన్నమాచార్య చరిత్రము’ దానికి ఆధారం. టంగుటూరులో ఉన్నప్పుడే నరసింహుడికి అన్నమయ్యతో స్నేహం. పెనుగొండలో ప్రభువయ్యాక పిలిపించుకుని వేంకటేశ్వరుడి మీద శృంగార పదం పాడించుకున్నాడు. పరవశించి, అలాంటిది తన మీద ఒకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాజు ‘మూరురాయర గండ’ అనే సంకెల వేయించాడు. కవి స్వామిని వేడుకుంటే సంకెల ఊడిపడింది. రాజు కాళ్లమీద పడ్డాడు.

రాజనాథ డిండిముడు సంస్కృతంలో ‘సాళువాభ్యుదయం’ రాశాడు. పిల్లలమర్రి పినవీరభద్రుడు ‘జైమినీ భారతం’ అంకితమిచ్చాడు. పొగిడేవాళ్లకు కొదవ లేని మనిషి. మరి ఒక్క పదం కోసం ఎందుకంత పట్టుదల? పుట్టుకతో రాని అధికారానికి చుట్టూ గోడ కావాలి, ఆ రోజుల్లో కవి మాటకు మించిన గోడ లేదు. వంశం చెప్పుకోగలిగిన రాజుకు కవిత్వం అలంకారం. నరసింహుడికి అది అవసరం. అయినా ఆయన చేసింది తప్పే. స్నేహితుణ్ణి, అందులోనూ అటువంటి స్నేహితుణ్ణి, సంకెళ్లలో వేయించడానికి ఏ అవసరమూ చాలదు. అన్నం పెట్టిన చెయ్యీ సంకెల వేసిన చెయ్యీ ఒకటేనన్నది కొండ దిగుతున్నంతసేపూ నన్ను వదల్లేదు. ఒకదానితో ఇంకోదాన్ని చెరిపేయడం నాకు ఇష్టం లేదు. రెండూ ఉండనివ్వాలి.

మర్నాడు చిత్తూరు వైపు కదిలాను. గాదంకి దాటాక తోపులు చిక్కబడ్డాయి. చిత్తూరు మామిడికి పేరున్న సీమ, తోతాపురి తోటలు రోడ్డుకు రెండు పక్కలా. మధ్యమధ్య చెరుకు, అక్కడక్కడా బెల్లం కాగుతున్న తియ్యటి పొగ. దారి పక్క ఒక పూటకూటి ఇంట్లో సంకటి, అనపగింజల పితికిపప్పు పెట్టారు. నానబెట్టిన అనపగింజల్ని ఒక్కొక్కటిగా వేళ్లతో పితికి పొట్టు తీస్తారు. చలికాలంలోనే దొరికే రుచి. వడ్డించే తల్లి “ఇంకా రోంత ఏసుకో నాయనా, సంకటి చల్లారితే బాగుండదు” అంటూ నెయ్యి గిన్నె నా పక్కనే పెట్టి వెళ్లిపోయింది. మా ఇళ్లల్లో వడ్డించేవాళ్లే నెయ్యి వేస్తారు, గిన్నె అతిథి పక్కన వదలరు.

ఇంటి వెనక ఓ చెరువు కట్ట. చేతులు కడుక్కుని ఎక్కాను. ఆ యింటాయన కూడా వచ్చాడు. ఈ ఏడు మరవ పోయిందని, అయిదారేళ్లకోసారి గాని అలా జరగదని చెప్పాడు. తూము దగ్గర ఎవరి కయ్యకు ఎంతసేపు నీళ్లు వదలాలో పూర్వం నీరుగంటి చూసుకునేవాడని, ఇప్పుడు బోర్లు వచ్చాక ఆ పని చూసేవాళ్లు తగ్గారని చెప్పాడు. నేను ఎందుకొచ్చానో అడిగాడు. చెప్పాను. గుడి డబ్బుతో కాలువలు తవ్వించారన్న మాట దగ్గర ఆపి, మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను.

“ఆయప్ప బిడ్డలేమైనారు మరి?”

అదీ చెప్పాను. 1491లో చనిపోతూ నరసింహుడు ఇద్దరు కొడుకుల్నీ సేనాని తుళువ నరస నాయకుడి చేతిలో పెట్టాడు. ఉదయగిరి, కొండవీడు, రాయచూరు కోటలు మూడూ తాను గెలవలేకపోయానని, వాటిని తీసుకోమని చెప్పాడు. పెద్దవాడు తిమ్మడు కొద్ది రోజులకే హతుడయ్యాడు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడు పెనుగొండలో పేరుకు రాజుగా, నిజానికి బందీగా పెరిగాడు. 1505లో అతణ్ణీ చంపించి నరస నాయకుడి కొడుకు వీరనరసింహుడు గద్దె ఎక్కాడు. ఆ మూడు కోటల కోరిక మాత్రం నెరవేరింది. వీరనరసింహుడి తమ్ముడు కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, 1515లో మా కొండవీడు, 1520లో రాయచూరు గెలిచాడు.

ఇంటాయన కాసేపు లెక్క వేసుకున్నాడు. “అంటే ఈయప్ప చెప్పిన పని వేరేవాళ్ల బిడ్డ చేసినాడు. సొంత బిడ్డల్ని మాత్రం ఎవరూ చూసుకోలేదు” అన్నాడు. తర్వాత తూము వైపు చెయ్యి చూపించి, పూడిక తీయించి మూడేళ్లయిందని, మళ్లీ తీయించాలంటే ఊరంతా ఒక్కమాట మీదికి రావాలని, ఈ ఉగాది లోపల పెద్దమనుషుల్ని కూర్చోబెడతానని చెప్పడం మొదలుపెట్టాడు.